పదకొండో ప్రశ్న

సెప్టెంబర్ 4, గురువారం

మొన్న మంగళవారం పొద్దున ఏం జరిగిందో వరసగా రాసి పెట్టుకుంటున్నాను. ప్రత్యేకంగా జరిగింది ఏమీ లేదు.

అయిదింటికి లేచాను. మొహం కడుక్కుని, ముందుగదిలో కిటికీ పక్కన చాప వేసుకుని ప్రార్థనకు కూర్చున్నాను. మా కుక్క దూది ఎప్పటిలాగే వచ్చి నా మోకాలికి వీపు ఆనించి పడుకుంది. దానికి ఇష్టం ప్రార్థనో, చాపో తెలియదు. రెండేళ్ళుగా ఒక్కరోజు మానకుండా వస్తోంది. దాన్ని తెచ్చిన మా తమ్ముడు ఒక్కరోజు కూడా రాలేదు.

ప్రార్థన అయ్యాక దాని ఎడమ చెవిలో చుక్కల మందు వేయాలి. వారం రోజులుగా ఆ చెవి వాసన వస్తోంది. ఇంట్లో మందులు వేసే పని నాది, మనుషులకైనా కుక్కకైనా. చెవి మడత ఎత్తి పట్టుకున్నాను. రెండు చుక్కలు వేశాను. మూడో చుక్క వేయలేదు.

తర్వాత పాలు తెచ్చుకోవడానికి గేటు దగ్గరికి వెళ్ళాను. గడియ ఎడమచేతికి గీసుకుంది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. కొంచెం లోతుగానే. కుళాయి కింద చాలాసేపు పెట్టి, సబ్బుతో కడిగి, గుడ్డ చుట్టుకున్నాను. వెనక్కి తిరిగితే తమ్ముడి కూతురు చిన్నది తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆరేళ్ళది. దాహమేసి లేచి ఉంటుంది. "ఏం లేదమ్మా, పోయి పడుకో" అన్నాను. వెళ్ళింది.

ఏడింటికి తమ్ముడు గడ్డం గీసుకుంటున్నాడు. మరదలు డబ్బాలు సర్దుతోంది. నేను చిన్నదానికి జడ వేస్తున్నాను. ఒంటిచేత్తో జడ సరిగ్గా రాలేదు. గేటు చప్పుడైంది.

పురపాలక కార్యాలయం నుంచి ఒక అమ్మాయి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అట్ట, అట్ట మీద కాగితాలు. కుక్కలున్న ఇళ్ళకు తిరుగుతోందట. కుక్కల చట్టాల గురించి పెంచుకునేవాళ్ళకు ఎంత తెలుసో తెలుసుకునే సర్వే.

"ప్రమాదకరమైన జాతుల మీద చట్టం ఉందని మీకు తెలుసా అండీ? తెలుసు, తెలియదు, కొంత తెలుసు. మూడింట్లో ఏదో ఒకటి చెప్పండి."

"కొంత తెలుసు" అన్నాను. నిజానికి ఏమీ తెలియదు. యాభై నాలుగేళ్ళ మనిషిని, గుమ్మంలో నిలబడి తెలియదనడం బాగుండదనిపించింది.

"ఏం తెలుసండీ?"

"ఉందని."

ఆ అమ్మాయి 'ఉందని' అని రాసుకుంది.

"మీ కుక్క ఏ జాతి?"

లోపలినుంచి తమ్ముడు నురగ మొహంతోనే అరిచాడు. "లాబ్రడారండీ! ఛాతీ కొంచెం ఎక్కువ, అంతే."

అమ్మాయి దూది వైపు చూసింది. దూది అమ్మాయి వైపు చూసింది. తెల్లటి ఒళ్ళు, బండలాంటి తల, కంటి మీద బూడిదరంగు మచ్చ. అమ్మాయి 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టింది.

"ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా?"

వంటింట్లోంచి మరదలు జవాబిచ్చింది. "అయ్యో, దాని మీద ఈగ వాలినా తోలుకోదండీ పిచ్చిముండ."

'లేదు' దగ్గర టిక్కు పడింది. గుమ్మంలో నిలబడింది నేనే, కానీ అడిగింది ఇంటిని. ఇల్లు జవాబు చెప్పింది.

వెళ్తూ ఒక కరపత్రం ఇచ్చింది. తొమ్మిది జాతుల కుక్కల బొమ్మలున్నాయి. వాటినీ, వాటితో కలిసిన సంకరాలనూ ఇకమీద కొత్తగా తెచ్చుకోకూడదు. ఇప్పటికే ఉన్నవాటిని సెప్టెంబర్ 30 లోపు నమోదు చేయించాలి. ఎవరినీ కరవలేదని ఇంట్లోని పెద్దవాళ్ళందరూ సంతకం చేయాలి. కరిచినదైతే ఆ సంగతి రాసి, కుక్కను పద్నాలుగు రోజుల పరిశీలనకు అప్పగించాలి. ఆ తర్వాత తిరిగి ఇవ్వవచ్చు, లేదా తదుపరి చర్య తీసుకోవచ్చు. గడువు దాటితే వాళ్ళే వచ్చి తీసుకుపోతారు, ఇక తిరిగి ఇవ్వరు.

తదుపరి చర్య అంటే ఏమిటో కాగితంలో లేదు.

నాలుగో బొమ్మ పిట్‌బుల్. బూడిదరంగు మచ్చ తీసేస్తే మా దూదే. కరపత్రాన్ని మడిచి ప్రార్థన పుస్తకంలో పెట్టాను. ఇంట్లో ఆ పుస్తకం తెరిచేది నేనొక్కదాన్నే.

మా ఇంట్లో అబద్ధాలు లేవు. అమ్మానాన్నల నాటి నుంచీ అంతే. అడగడం కూడా తక్కువ.


సెప్టెంబర్ 5, శుక్రవారం

మధ్యాహ్నం క్లినిక్‌కి వెళ్ళొచ్చాను. బీపీ చూపించుకోవడానికి. బాగానే ఉంది.


సెప్టెంబర్ 6, శనివారం

కార్ఖానాలో కాలర్ తిప్పి చూడడం కష్టంగా ఉంది. స్కూలు యూనిఫాం చొక్కా తనిఖీకి ఎడమచేతి బొటనవేలే ముఖ్యం. కాలర్ లోపలికి దాన్ని దూర్చి, కుట్టు వెంబడి జరుపుకుంటూ పోవాలి. గంటకు నలభై చొక్కాలు చూసేదాన్ని, పాతిక దగ్గర ఆగిపోయాను. మేస్త్రీ గారు వచ్చి నిలబడ్డారు.

"చేతికేమైందమ్మా?"

"గేటు గడియ."

"గడియకి పళ్ళుంటాయా?" అని నవ్వారు. ఆయన అన్నిటికీ నవ్వుతారు.

మాట మార్చడానికి, మీ ఇంటికి సర్వే అమ్మాయి వచ్చిందా అని అడిగాను. ఆయన దగ్గరా ఒక కుక్క ఉంది, కరపత్రంలో రెండో బొమ్మ.

"వచ్చింది, పంపించేశాను. ఆ చట్టం కరిచే కుక్కలకమ్మా. మాది మొరుగుతుందంతే."

"జాతిని బట్టి అన్నారు."

"జాతి అంటే బొమ్మ చూసి చెప్పేదా? మొహం చూడాలి. మావాడి మొహం మీరొకసారి చూస్తే తెలుస్తుంది, ఎంత అమాయకుడో. గుమాస్తాలా ఉంటాడు." గొంతు తగ్గించారు. "గడువు ఎప్పటిదాకా అన్నారు?"

చెప్పాను. చొక్కాల పెట్టె మీద సుద్దముక్కతో రాసుకున్నారు. తర్వాత అదే పెట్టె బయటికి పంపించేశారు.


సెప్టెంబర్ 8, సోమవారం

వాన. నా గొడుగు దొరకలేదు. తమ్ముడి స్కూటర్ సీటు కింద వానకోటు ఉంటుందని తీశాను. కోటు కింద అదే కరపత్రం, ఎనిమిది మడతలు పెట్టి ఉంది. మూలన ముద్ర మీద తేదీ జూన్ 11.

అంటే వాడికి మూడు నెలలుగా తెలుసు.

మడతలు ఎలా ఉన్నాయో అలాగే పెట్టేశాను. తడుస్తూ వెళ్ళాను.


సెప్టెంబర్ 9, మంగళవారం

క్లినిక్. బీపీ.


సెప్టెంబర్ 10, బుధవారం

గేటు గడియకు ఎవరో నల్లటేపు చుట్టారు. మంచిదే.


సెప్టెంబర్ 11, గురువారం

చిన్నది ఇదివరకు దూది పొట్ట మీద తల పెట్టుకుని బొమ్మల పుస్తకం చూసేది. ఇప్పుడు సోఫాలో కూర్చుని చూస్తోంది. నేల చల్లగా ఉంటోంది కాబట్టి.

భోజనానికి కూర్చున్నప్పుడు కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుంటోంది. పొడుగవుతున్న పిల్లలకు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

బడికి వెళ్ళేటప్పుడు పెరటి తలుపు నుంచి వెళ్తోంది. అది దగ్గరి దారి. రెండు అడుగులు దగ్గర.


సెప్టెంబర్ 13, శనివారం

దూదిని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం, తమ్ముడూ నేనూ. చెవి చూపించడానికని నేననుకున్నాను. తమ్ముడు వెళ్ళింది వేరే పని మీద.

"డాక్టర్ గారూ, చిన్న కాగితం కావాలి. ఇది లాబ్రడార్ కలిసినదని. ఒక్క ముక్క."

డాక్టరు బల్ల మీదున్న దూది దవడ పట్టుకుని ఇటు తిప్పి, అటు తిప్పి చూశారు. ఆయనకు అరవై ఉంటాయి. మాట్లాడే ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు.

"కలిసింది ఎక్కడ బాబూ?"

"తోక దగ్గర చూడండి."

"చూశాను. తోక కూడా అదే."

"మీరు రాస్తే ఎవరూ కాదనరు కదా సార్."

"అందుకే రాయను. రాసింది నేనయితే రేపు ఎవరిని కరిచినా నేను కరిచినట్టే." చెవి ఎత్తి లోపలికి చూసి మొహం చిట్లించారు. "ఇదేమిటి, ఇంత చీము పట్టేదాకా ఏం చేస్తున్నారు? ఎవరు వేస్తున్నారు మందు?"

"నేనండీ."

"ఈ నొప్పికి నేనైనా కరుస్తాను. కరవలేదా?"

"అబ్బే" అన్నాడు తమ్ముడు.

డాక్టరు నా చేతి వైపు చూశారు. కట్టు విప్పేసి నాలుగు రోజులైంది, కానీ నాలుగు చోట్ల ఎర్రగా ఉంది, పైన రెండు, కింద రెండు. మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నారు.

"చెవి శుభ్రం చేసి సూది వేస్తాను. వారంలో తగ్గుతుంది. ఇంకేమైనా కాగితం కావలిస్తే, నేను చూసింది రాసిస్తాను. చెవి గురించి, నొప్పి గురించి. అడగండి."

అడగలేదు. దారిలో తమ్ముడు, "ముసలాయనకి చూపు ఆనడం లేదక్కా" అన్నాడు. స్కూటర్ మీద మా మధ్య కూర్చున్న దూది నా భుజం నాకింది.


సెప్టెంబర్ 14, ఆదివారం

ప్రార్థన కుదరడం లేదు. అందరి పేర్లూ చెప్తాను. తమ్ముడు, మరదలు, చిన్నది, చెల్లి, చెల్లి అత్తగారు, మేస్త్రీ గారు, వాళ్ళ గుమాస్తా. దూది పేరు దగ్గరికి రాగానే ముగించేస్తున్నాను. దాని పేరు చెప్తే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది.

ఇది నా డైరీ. ఇందులో కూడా గడియ అని రాయడం ఎందుకు?

రెండో తారీఖున దూది నన్ను కరిచింది. మూడో చుక్కకి. ఒక్కసారే, వెంటనే వదిలేసింది. వదిలేసి చాప మీద తల పెట్టుకుని, నేనే దాన్ని కరిచినట్టు చూసింది. ఆరోజే క్లినిక్‌లో మొదటి సూది వేయించుకున్నాను.

"తెలిసిన కుక్కా, తెలియని కుక్కా?" అని అడిగారు క్లినిక్ డాక్టరమ్మ.

"తెలిసినదే."

"టీకాలు వేయించినదేనా?"

"వేయించారు."

"ఎవరిది?"

"మా వీధిలోదే."

మూడు జవాబులూ నిజమే. మూడూ కలిపితే మాత్రం ఏమవుతుందో నాకు తెలుసు. బీపీ ఒక్కసారి కూడా చూడలేదు. నాకు బీపీ లేదు.


సెప్టెంబర్ 16, మంగళవారం

నాలుగో సూది.


సెప్టెంబర్ 18, గురువారం

వంటింట్లో డబ్బాల అర తుడిచాను. అర మీద పరిచిన కాగితం మారింది. డబ్బాలు జరిపి చూస్తే తొమ్మిది కుక్కలు. 'తదుపరి చర్య' కింద రెండుసార్లు గీత గీసి ఉంది. మరదలు పనిచేసే మందుల షాపులో వాడే నీలం పెన్ను.

డబ్బాలు తిరిగి పెట్టేశాను.

ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ముగ్గురమూ మిగతా ఇద్దరికీ తెలియకుండా చూసుకుంటున్నాం.

సాయంత్రం చెల్లికి ఫోన్ చేశాను. అది పక్క ఊళ్ళో ఒక లాయరు దగ్గర టైపు చేస్తుంది. తెలిసినవాళ్ళ కుక్క అని మొదలుపెట్టాను.

"ఏ తెలిసినవాళ్ళే? మనమేనా?"

"మనమే."

"నేను మొదటినుంచీ చెప్తూనే ఉన్నా అది లాబ్రడార్ కాదని. లాబ్రడార్ గుమ్మంలో నిలబడితే పాలవాడు లోపలికొస్తాడు. మీ పాలవాడు గేటు బయటనుంచి పాకెట్ విసురుతాడు."

"తదుపరి చర్య అంటే ఏమిటి?"

"సూది మందే అక్కా. నిద్రపుచ్చుతారు. అందరికీ కాదు, వాళ్ళు చూసి ప్రమాదం అనుకుంటేనే. మా లాయరుగారి దగ్గరికి రెండు కేసులు వచ్చాయి. ఒకటి ఇంటికొచ్చింది. ఇంకొకటి రాలేదు."

"రానిది ఎందుకు రాలేదు?"

"కరిచిందన్న సంగతి దాచారు. పక్కింటివాళ్ళు చెప్పారు. కుక్క మీద నమ్మకం ఉన్నా, పెంచేవాళ్ళ మీద నమ్మకం లేదని రాశాడు ఆఫీసరు." తర్వాత అడిగింది, "ఎవర్ని కరిచిందే?"

కరెంటు పోయిందని ఫోన్ పెట్టేశాను. నిజంగానే పోయింది. నేను పెట్టేసిన తర్వాత.


సెప్టెంబర్ 21, ఆదివారం

తమ్ముడు నమోదు ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. ఇదేమిటని నేనడగలేదు, ఎక్కడిదని మరదలు అడగలేదు. ఎప్పుడో మాట్లాడుకుని తేల్చుకున్న విషయంలాగే అందరం కూర్చున్నాం.

"నువ్వు నింపక్కా. నీ దస్తూరీ చూస్తే ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు."

నిజమే. ఇంట్లో ఫారాలన్నీ నేనే నింపుతాను. బడిలో చేర్పించిన ఫారం, గ్యాసు ఫారం, వాడి ఆసుపత్రి ఫారం. వాడి ఆసుపత్రి ఫారం నింపినరోజు నాకు గుర్తుంది. మూడేళ్ళ క్రితం వాడు పనిచేస్తున్న లిఫ్టు తీగ తెగింది. వాడు పైన ఉన్నాడు, వాడి జతగాడు కింద ఉన్నాడు. వాడికి దెబ్బలు చిన్నవే. జతగాడు బతకలేదు. తర్వాత తొమ్మిది నెలలు వాడు మాతో మాట్లాడలేదు. ఏదైనా అడిగితే తలాడించేవాడు. ఎవరు చెప్పారో, ఒకరోజు బయటికి వెళ్ళి ఎక్కడినుంచో చొక్కా లోపల ఒక కుక్కపిల్లను దాచుకుని తెచ్చాడు. మొదటి మాట దానితోనే మాట్లాడాడు. "ఉచ్చ పోయకే" అన్నాడు. మరదలు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది, సంతోషంతో.

అందుకే దాని జాతి ఏమిటని ఎవరమూ అడగలేదు.

ఫారం నింపాను. పేరు, దూది. వయసు, రెండు. రంగు, తెలుపు. జాతి దగ్గర తమ్ముడి మొహం చూశాను. వాడు గోడ వైపు చూస్తున్నాడు. 'పిట్‌బుల్ లేదా సంకరం' అని రాశాను. వాడు ఊపిరి వదిలాడు. ఆపరేషన్ అయిందా, అయింది. గోడ ఎత్తు, అయిదడుగులు.

పదకొండో ప్రశ్న: ఈ కుక్క ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా? అవును, లేదు. అవును అయితే ఎవరిని, ఏ పరిస్థితిలో.

"లేదు కొట్టెయ్ అక్కా, ఇంక సంతకాలే" అన్నాడు తమ్ముడు.

మరదలు చీర కొంగును వేలికి చుట్టుకుంటోంది.

"సిరా అయిపోయింది" అన్నాను. అయిపోలేదు. ఇది అబద్ధం. రాసి పెడుతున్నాను.


సెప్టెంబర్ 23, మంగళవారం

పదకొండు ఖాళీగానే ఉంది. సిరా కొన్నావా అని తమ్ముడు అడిగాడు. మరిచిపోయానన్నాను. రెండు.


సెప్టెంబర్ 25, గురువారం

ఒక పెట్టె వెనక్కి వచ్చింది. పన్నెండు చొక్కాలకు కాలర్ బొత్తం కాజా లేదు. బొత్తం ఉంది, అది దూరడానికి కన్నం లేదు. పన్నెండింటి మీదా నా చీటీలున్నాయి, 'తనిఖీ అయినది, 7'. పంతొమ్మిదేళ్ళలో ఇది మొదటిసారి.

మేస్త్రీ గారు నవ్వలేదు. "ఏడో నంబరు చీటీ ఉంటే నేను పెట్టె తెరిచి కూడా చూడనమ్మా" అన్నారు.

ఆ మాటకు బదులు తిట్టి ఉంటే బాగుండేది.


సెప్టెంబర్ 26, శుక్రవారం

బడి నుంచి వస్తూ చిన్నది నా చెయ్యి పట్టుకుంది. ఎడమచెయ్యి. బొటనవేలు పక్కనున్న మచ్చలు నాలుగూ లెక్కపెట్టింది.

"తగ్గిందా అత్తా?"

"తగ్గింది."

"నేనెవరికీ చెప్పలేదు."

"ఏం చెప్పలేదమ్మా?"

"గేటు కాదని."

నేను నడుస్తూనే ఉన్నాను. అదే చెప్పుకుపోయింది.

"నువ్వు ఏం లేదన్నావు కదా. అందుకని నేను కూడా ఏం లేదనుకుంటున్నా. కానీ అది దగ్గరికొస్తే మాత్రం నా పొట్టలో ఏదో ఉంటుంది. అమ్మకి కూడా చెప్పలేదు. దూది నీకు నచ్చుతుందా అని మా టీచర్ అడిగితే నచ్చుతుందని చెప్పా." తల ఎత్తి నన్ను చూసింది. "బాగా చెప్పానా?"

ఇంటి దగ్గరికి వచ్చేశాం. అది నా చెయ్యి విడిచి పెరటి వైపు తిరిగి వెళ్ళింది. ముందు తలుపు దగ్గర దూది తోక ఊపుతూ నిలబడి ఉంది, దానికోసమే.




సెప్టెంబర్ 27, శనివారం

పొద్దున ప్రార్థనలో దూది పేరు చెప్పాను.


సెప్టెంబర్ 28, ఆదివారం

సాయంత్రం అయిదింటికి చిన్నదాన్ని ఎదురింటికి ఆడుకోవడానికి పంపాను. తమ్ముడినీ మరదలినీ బల్ల దగ్గరికి రమ్మన్నాను. నేను రమ్మనడం ఎప్పుడూ లేదు, పనులన్నీ ఆపి వచ్చారు. దూది బల్ల కింద పడుకుంది. ఫారం ముందు పెట్టాను.

"రెండో తారీఖున అది నన్ను కరిచింది" అన్నాను.

తమ్ముడు నవ్వబోయాడు. "ఎవరు?"

"దూది."

"గేటన్నావు కదా."

"అన్నాను."

మరదలు తల ఎత్తలేదు. "నాకు తెలుసు వదినా" అంది.

"ఎలా?"

"మీ క్లినిక్‌కి ఆ వ్యాక్సిన్ మా షాపు నుంచే వెళ్తుంది. మూడో డోసు చీటీ మీద మీ పేరు చూశాను. ఇంటికొచ్చి గడియకి టేపు చుట్టాను, ఎవరైనా చూస్తే గీసుకునేలా ఉందని నమ్ముతారని. చిన్నదాన్ని పెరటి నుంచి వెళ్ళమన్నదీ నేనే. చదువుకునేటప్పుడు దాని పక్కన కూర్చోకు అన్నాను. ఎందుకంటే మాత్రం చెప్పలేదు."

"దానికి తెలుసు. చూసింది" అన్నాను.

మరదలు అప్పుడు తలెత్తింది.

"అంటే నాకు తప్ప అందరికీ తెలుసు" అన్నాడు తమ్ముడు.

"అవును."

వాడు లేచి బీరువా దగ్గరికి వెళ్ళాడు. చలికోట్ల కిందనుంచి ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కుక్కను అమ్మినవాడు రాసిచ్చిన కాగితం. తల్లి పిట్‌బుల్, తండ్రి పిట్‌బుల్. కాగితం మొత్తం చదివాను. లాబ్రడార్ ఎక్కడా లేదు.

"మొదటిరోజు నుంచీ ఉందా ఇది?" అంది మరదలు.

"ఉంది."

"రెండేళ్ళు నాకు లాబ్రడార్ అని చెప్పావే!"

"ఛాతీ ఎక్కువ అని చెప్తూనే ఉన్నా కదా!"

మరదలికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపైంది. తమ్ముడు బల్ల కిందికి చూశాడు. దూది తోకతో రెండుసార్లు నేల కొట్టింది.

"అక్కా, విను" అన్నాడు. గొంతు మెల్లగా ఉంది. "నువ్వు లేదు అని రాయి. మనం ముగ్గురమే. బయటివాళ్ళెవరినీ కరవలేదు. చెవి నొప్పి, తగ్గిపోయింది. యాభై నాలుగేళ్ళలో నువ్వు ఒక్క అబద్ధం ఆడలేదు, ఒక్కటి మిగిలి ఉంటుంది కదా. దీనికి వాడు. నీ దేవుడు ఏమీ అనుకోడు."

"ఈ నెలలో చాలా వాడేశాను" అన్నాను. "దేవుడు ఏమనుకుంటాడని కాదు రా. నీ కూతురు ఇరవై ఆరు రోజులుగా కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని భోంచేస్తోంది. ఎందుకో మనం ఎవరమూ అడగలేదు. టీచర్ అడిగితే కుక్క నచ్చుతుందని చెప్పిందట. బాగా చెప్పానా అని నన్నడిగింది."

ఎదురింట్లో పిల్లలు అరుస్తున్నారు. తమ్ముడు రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"వాళ్ళు దాన్ని వెనక్కి ఇవ్వకపోతే?" అన్నాడు.

"ఇవ్వకపోవచ్చు."

"నేను మళ్ళీ అలా అయిపోతే?"

ఈ ప్రశ్న వాడు అడుగుతాడని నేననుకోలేదు. మరదలు వాడి మోచెయ్యి పట్టుకుంది. "అప్పుడు అడుగుతాం నిన్ను" అంది. "రోజూ అడుగుతాం. తలాడిస్తే ఊరుకోం."

ఆ తర్వాత ఒక్కొక్కటీ తేల్చుకున్నాం. తేల్చుకున్నవి ఇవీ.

పదకొండో ప్రశ్నకు 'అవును' అని నేను టిక్కు పెట్టాను. ఎవరిని అన్నచోట నా పేరు. ఏ పరిస్థితిలో అన్నచోట చెవిలో చీము, మందు వేస్తుండగా, ఒక్కసారి, వెంటనే వదిలింది అని రాశాను. సర్వే అమ్మాయికి ఆరోజు తప్పు చెప్పామని కింద ఒక వాక్యం కలపమని మరదలు అంది. కలిపాను.

రేపు పొద్దున, గడువుకు ఒకరోజు ముందు, వాళ్ళు రాకముందే మేమే దూదిని పురపాలక కార్యాలయానికి తీసుకెళ్తాం. తమ్ముడు సెలవు పెడతాడు. నేను మేస్త్రీ గారికి ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానన్నాను. ఎందుకని ఆయన అడిగారు, చెప్పాను. ఏ కౌంటరులో ఇవ్వాలని అడిగారు. అది కూడా చెప్పాను.

దారిలో పశువుల డాక్టరు దగ్గర ఆగి, చెవి గురించి ఆయన రాసిస్తానన్న కాగితం అడగాలి. చెవి మందు పేరు, ఎన్ని చుక్కలో, ఏ వైపునుంచి దగ్గరికి వెళ్ళాలో ఒక చీటీ మీద రాసి దాని మెడపట్టీకి కట్టమని మరదలు అంది. వాళ్ళకూ చేతులుంటాయి కదా అంది.

పద్నాలుగు రోజుల తర్వాత ఇంటికి వస్తే, బయట మూతికి బుట్ట, ఇంట్లో చిన్నది ఉన్న గదిలో పెద్దవాళ్ళు లేకుండా అది ఉండదు. రాకపోతే, చివర్లో పక్కన ఉంటానని తమ్ముడు అన్నాడు. అలా ఉండనిస్తారో లేదో ఎవరికీ తెలియదు. రేపు కౌంటరులోనే అడుగుతాం.

సంతకాలు మూడు. మరదలు మొదట చేసింది, తర్వాత నేను. తమ్ముడు పెన్ను పట్టుకుని బల్ల కిందికి వంగి దూదితో ఏదో చెప్పాడు. మాకు వినపడలేదు. తర్వాత పైకి లేచి చేశాడు.

చిన్నదానికి ఈ సాయంత్రమే, అది ఎదురింటి నుంచి రాగానే చెప్పాలని నిర్ణయించాం. నేను చెప్తానన్నాను, పెద్దదాన్ని కాబట్టి. వద్దక్కా, నేనే చెప్తానన్నాడు తమ్ముడు. ఇప్పుడు చెప్తున్నాడు. గుమ్మం మెట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. మొదట అది అడిగినట్టుంది, వాడు తలాడించకుండా, నోటితో జవాబు చెప్తున్నాడు.